పాత కారుకి క్రూజ్ కంట్రోల్ పెట్టించుకునే ముందు

నా 2010 కరోలాలో క్రూజ్ కంట్రోల్ లేదు. లేదంటే మరీ లేదని కాదు, స్విచ్ ఒక్కటే లేదు. తక్కువ రకం మోడల్ కాబట్టి స్టీరింగ్ వెనకాల ఉండాల్సిన ఆ బుల్లి కాడ పెట్టకుండా అమ్మేశారు. ఇంజన్ కంప్యూటర్లో ప్రోగ్రాం ఉంది, వైరింగ్ ఉంది, డాష్‌బోర్డులో వెలగాల్సిన దీపం కూడా ఉంది. మన భాషలో చెప్పాలంటే కోడంతా ప్రొడక్షన్లో ఉంది, ఫీచర్ ఫ్లాగ్ మాత్రం ఆఫ్ చేసి పెట్టారు. ఆ సంగతి తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు.

పైగా అవసరం కూడా ఉంది. డాలస్ నించి హ్యూస్టన్ ఐ-45 మీద సుమారు 240 మైళ్ళు. నెలకి రెండుసార్లు వెళ్ళి రావాలి. ఊళ్ళు దాటాక స్పీడ్ లిమిట్ చాలా మేర 75, రోడ్డేమో స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. మాడిసన్‌విల్‌లో బకీస్ దగ్గర కాఫీకి ఆగేసరికి కుడికాలి మడమ మొద్దుబారిపోయేది. మన హైవేల మీద ఈ బాధ తెలీదు, అక్కడ కాలు ఎప్పుడూ ఏదో ఒక పెడల్ నొక్కుతూనే ఉంటుంది కదా :)

కాడ బిగించడం గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. బ్యాటరీ మైనస్ వైరు తీసి, కనీసం తొంభై సెకన్లు ఆగాలి (ఎయిర్‌బ్యాగ్‌కి దాచుకున్న కరెంటు ఉంటుంది, ఇక్కడ మాత్రం తొందర పనికిరాదు). స్టీరింగ్ పక్కల నించి స్క్రూలు వదులు చేసి, ఎయిర్‌బ్యాగ్ పక్కన పెట్టి, కాడని రెండు స్క్రూలతో బిగించి, ఖాళీగా ఉన్న కనెక్టర్లో దాని తీగ గుచ్చాలి. కింది ప్లాస్టిక్ కవర్లో కాడ బయటికి రావడానికి బెజ్జం కోసుకోవాలి. నాకు గంటన్నర పట్టింది, అందులో గంట ఆ బెజ్జానికే. ప్రతి కరోలాలోనూ ఆ కనెక్టర్ ఉంటుందని అనుకోవద్దు, విప్పి చూసుకున్నాకే డబ్బులు పెట్టండి.

బిగించే ముందు మల్టీమీటర్ పెట్టి చూస్తే ముచ్చటేసింది. బటన్లన్నిటికీ కలిపి సిగ్నల్ వైరు ఒక్కటే. రెజ్యూమ్ నొక్కితే సుమారు 240 ఓములు, సెట్ నొక్కితే 630, క్యాన్సిల్‌కి 1540. కంప్యూటర్ ఆ తీగ మీద వోల్టేజి చూసి మీరేం నొక్కారో కనిపెడుతుంది. ఒకే తీగ మీద ఒక చిన్న ప్రోటోకాల్ అన్నమాట.

ఇదంతా ఇంత తేలిగ్గా ఎందుకయిందంటే ఈ కారులో యాక్సిలరేటర్ పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య కేబుల్ లేదు. పెడల్ ఒక సెన్సర్ మాత్రమే. గాలి లోపలికి పోయే వాల్వ్‌ని తిప్పేది మోటరు, ఆ మోటరుకి చెప్పేది కంప్యూటర్. క్రూజ్ పెట్టినంత మాత్రాన కొత్తగా ఏ యంత్రమూ వచ్చి చేరదు. రోజూ మన కాలి మాట వినే మోటరే కాసేపు ప్రోగ్రాం మాట వింటుంది.

అసలు కథ ఇక్కడ మొదలైంది. మా కాలేజీ నించీ నాతో ఉన్న ఒక మిత్రుడు ఇక్కడే పక్క బిల్డింగులో ఉంటాడు. వాడిది 1999 సివిక్, అదీ గేర్లు మనమే మార్చుకునేది. నా కారు చూసి "మామా, నాకూ పెట్టెయ్ రా, అమ్మా నాన్నా వస్తున్నారు, పేర్‌ల్యాండ్ మీనాక్షి గుడికి తీసుకెళ్ళాలి" అన్నాడు. అప్పటికే బయట దొరికే కిట్ ఒకటి ఆర్డర్ చేసేశాడు కూడా. నేను పెట్టనన్నాను.

వాడికి కోపం వచ్చింది. "నెట్లో కాపీ కొట్టిన కోడ్‌ని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్లో పెట్టేవాడివి, నువ్వు దీనికి భయపడతావా" అన్నాడు. (శుక్రవారం సంగతి అబద్ధం. గురువారం.)

నా భయం ఇదీ. వాడి సివిక్‌లో పెడల్ నించి ఇంజన్ దాకా ఉన్నది అచ్చంగా ఇనప తీగ. క్రూజ్ పెట్టాలంటే ఆ వాల్వ్‌ని లాగడానికి ఇంకో యంత్రాన్ని, ఇంకో కేబుల్‌ని బయట నించి తెచ్చి తగిలించాలి. అంటే ఇప్పటిదాకా ఆ కారులో యాక్సిలరేటర్ తొక్కగలిగే ప్రాణి ఒక్కటే, రేపటి నించీ రెండు. రెండోదానికి ఎప్పుడు కాలు తియ్యాలో ఎవరు చెబుతారు?

వేగాన్ని పట్టి ఉంచడం పెద్ద విద్య కాదు. కావలసిన వేగానికీ ఉన్న వేగానికీ తేడా చూడు, దానికి తగ్గట్టు కొంచెం తెరువు, తేడా తగ్గకుండా ఉంటే ఇంకొంచెం తెరువు. బీటెక్‌లో కంట్రోల్ సిస్టమ్స్ పేపర్లో అందరం రాసి మర్చిపోయిందే. అందులో ఉన్న చిక్కల్లా, పొడుగాటి ఎత్తు ఎక్కేటప్పుడు పేరుకుపోయిన లెక్కని దిగేటప్పుడు సమయానికి వదిలించుకోకపోతే కారు ఉరుకుతుంది. దానికీ మందు పాతదే.

దీన్ని కనిపెట్టిన రాల్ఫ్ టీటర్ గురించి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఇండియానా రాష్ట్రపు ఇంజనీరు, ఐదేళ్ళ వయసులో ప్రమాదంలో చూపు పోయింది. ఆయన లాయరు మాట్లాడుతూ నడిపేటప్పుడు కారు ఒకసారి ముందుకి, ఒకసారి వెనక్కి ఊగేదట, ఆ కుదుపు భరించలేకే ఇది ఆలోచించాడని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలో ఆటో పైలట్ అనే పేరుతో వచ్చింది. డ్రైవింగ్ చెయ్యలేని మనిషి, పక్క సీట్లో కూచున్నవాడి కష్టం కోసం చేశాడన్నమాట. మా వాడి కారులో పక్క సీట్లో, వెనక సీట్లో కూచోబోయేది వాళ్ళ అమ్మా నాన్నా. నాకు అదే బుర్రలో తిరిగింది.

వదిలెయ్యడం ఎంత కష్టమో ఫోర్డ్ వాళ్ళ కథ చెబుతుంది. వాళ్ళ కార్లలో బ్రేక్ దీపం స్విచ్ పని చెయ్యకపోయినా క్రూజ్ ఆగిపోవాలని, బ్రేక్ ఆయిల్ ఒత్తిడి చూసి పనిచేసే రెండో స్విచ్ పెట్టారు. మంచి ఆలోచనే. కానీ దానికి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉండేది. లోపలి పల్చటి పొర చిరిగి ఆయిల్ కారితే వేడెక్కి, ఆపి ఉంచిన కార్లు వాటంతట అవే అంటుకున్నాయి. 1999 నించి 2009 దాకా విడతలవారీగా రీకాల్ చేసిన బళ్ళు కోటీ నలభై లక్షల దాకా ఉన్నాయి. రక్షణ కోసం పెట్టిన స్విచ్చే ఇల్లు తగలబెట్టింది. ఒక పెద్ద కంపెనీ ఇంజనీర్లకే ఇలా అయితే, ఆదివారం మధ్యాహ్నం పార్కింగ్ లాట్‌లో స్క్రూడ్రైవర్ పట్టుకున్న నేనెంత?

మా వాడు కిట్‌తో వచ్చిన కాగితం నా ముందు పడేసి "చదివి మాట్లాడు" అన్నాడు. చదివాను. ఒప్పుకోవాలి, రాసినవాడు బుద్ధిమంతుడు. అందులో నాకు బాగా నచ్చింది బ్రేక్ తీగ. పెడల్ నొక్కనప్పుడు ఆ తీగకి వెనక బ్రేక్ బల్బుల ఫిలమెంట్ గుండా ఎర్త్ అందుతుంది. నొక్కితే 12 వోల్టులు వస్తాయి. రెండూ రాకపోతే? తీగ తెగిందనో, బల్బులన్నీ మాడిపోయాయనో అర్థం. అప్పుడు క్రూజ్ అసలు మొదలే కాదు. 'బ్రేక్ నొక్కలేదు' అనేదానికీ 'నాకేం తెలీదు' అనేదానికీ తేడా తెలిసిన యంత్రం అది. మనం రాసే కోడ్‌లో ఎన్నిచోట్ల శూన్యాన్ని సున్నా అనుకుని ముందుకెళ్ళిపోతామో తలుచుకుంటే సిగ్గేస్తుంది.

చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. కిట్ బిగించేది ఇలాంటివి ముందే చేసిన మెకానిక్. పరీక్షలు పెట్టేది నేను. అన్నీ పాసయితేనే అమ్మా నాన్నలు ఎక్కాలి.

ముందు ఇంజన్ ఆపి ఉండగా పెడల్ పూర్తిగా తొక్కి వదిలి చూశాం, కొత్త కేబుల్ ఎక్కడా పట్టుకోకుండా వాల్వ్ టప్పున మూసుకోవాలి. మూసుకుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద 40 మైళ్ళలో పెట్టి, కారు వేగం తగ్గనంత మెల్లగా బ్రేక్ మీద కాలు ఆనించమన్నాను. దీపం వెలిగితే చాలు, ఆగిపోవాలి. ఆగింది. పక్కకి ఆపి, బ్రేక్ దీపాల ఫ్యూజు తీసేసి మళ్ళీ సెట్ చెయ్యబోతే తీసుకోలేదు. ఫ్యూజు పెట్టేశాం. ఇంతవరకూ సంతోషమే.

క్లచ్ దగ్గర కథ అడ్డం తిరిగింది. క్రూజ్‌లో ఉండగా క్లచ్ తొక్కితే ఇంజన్ ఒక్కసారి గుర్రుమని, క్షణం తర్వాత ఆగింది. మా కారులో బిగించిన పద్ధతి ప్రకారం అది క్లచ్‌ని చూడట్లేదు, ఇంజన్ చుట్లు అమాంతం పెరగడాన్ని చూసి అప్పుడు వదులుతోంది. మెకానిక్ "అంతే, అది అలాగే పనిచేస్తుంది" అన్నాడు. మావాడు "ఆగింది కదరా" అన్నాడు. నిజమే, ఆగింది. కానీ మీ నాన్నగారు పక్కన కూచుని ఆ చప్పుడు వింటే జన్మలో మళ్ళీ నీ కారెక్కరు అన్నాను. ఆ మాట పనిచేసింది. క్లచ్ పెడల్ దగ్గర ఒక చిన్న స్విచ్, ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత క్లచ్ మీద కాలు పడగానే చప్పుడు లేకుండా వదిలేస్తోంది.

వాళ్ళు గుడికి వెళ్ళొచ్చారు. వానలో వాడొద్దని చెప్పి పంపాను, టైర్లు నీళ్ళ మీద జారుతున్నా కారు వేగం కోసం పాకులాడుతుంది కాబట్టి. దార్లో వాన పడింది, వాడు ఆపేశాడట కూడా. పులిహోర ప్రసాదం తెచ్చిచ్చారు. ఆంటీ అడిగితే కాడ గురించి అంతా చెప్పాను, ఆవిడ ఓపిగ్గా విని "అయితే కాలు ఎక్కడ పెట్టుకుంటారు నాయనా?" అన్నారు. బ్రేక్ దగ్గరే ఆంటీ అన్నాను.

మొన్న వాడు ఫోన్ చేశాడు. వెనక బల్బులు తీసేసి ఎర్రగా మెరిసే ఎల్ఈడీలు పెట్టించాడట, క్రూజ్ పనిచెయ్యడం మానేసిందట, కిట్ పాడయిందేమో చూడమన్నాడు. ఎల్ఈడీలో ఫిలమెంట్ ఉండదు కాబట్టి ఆ తీగకి ఎర్త్ అందట్లేదు, ముందు పాత బల్బులు పెట్టి చూడు అన్నాను. పనిచేసింది. ఎల్ఈడీలే కావాలంటే మధ్యలో ఒక రిలే పెట్టాలి. వచ్చే ఆదివారం పెడతానన్నాడు. ఫ్యూజు తీసి మళ్ళీ పరీక్ష పెట్టాకే అన్నాను. సరేనన్నాడు.