గోడ మీది ఇల్లు

అరకు వెళ్ళొచ్చేవాళ్ళ సంచుల్లో ఇప్పుడు కాఫీపొడితో పాటు బొమ్మలు కూడా ఉంటున్నాయి. ఎర్రమట్టి రంగు మీద తెల్లటి మనుషులు, పక్కన ఒక పూరిల్లు. కొందరు కొలతలిచ్చి మరీ గీయించుకుంటున్నారు. "అన్నా, ఆ కొండల్లో నీ స్టూడెంట్స్ ఉన్నారు కదా, మా హాలుకి ఒకటి గీయించిపెట్టవా" అని నన్నూ అడుగుతుంటారు.

సంతోషమే. గీసే చేతికి నాలుగు డబ్బులొస్తాయి. కొనే ముందు ఆ బొమ్మ ఎవరిదో కాస్త తెలుసుకుందాం.

'ట్రైబల్ ఆర్ట్' అని మనకి అంటగట్టే వాటిలో వార్లీ బొమ్మలు చాలా ఉంటాయి. అవి మహారాష్ట్ర వైపు ఆదివాసులవి. రెండు త్రికోణాల మొనలు కలిస్తే మనిషి. మన తూర్పు కనుమల బొమ్మ సవరలది. సీతంపేట, కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల్లో, అవతల ఒడిశాలో గజపతి, రాయగడ జిల్లాల్లో ఉంటారు వాళ్ళు. సవర బొమ్మకి ముందు చుట్టూ అంచు కడతారు. తర్వాత లోపలికి నింపుకుంటూ వస్తారు.

ఆ అంచే ఇల్లు. ఇడితాల్ అంటారు దీన్ని. ఇంట్లో జబ్బు చేసినా, చచ్చిపోయిన పెద్దలు కలలోకొచ్చి అడిగినా గోడకి ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలుపుకుని, చివర నలగ్గొట్టిన పుల్లతో ఆ పెద్దలకి ఒక ఇల్లు గీస్తారు. ఇందులో ఉండండి, మమ్మల్ని బాధపెట్టకండి అని. వెరియర్ ఎల్విన్ 1955లో అచ్చయిన సవరల పుస్తకంలో ఇదంతా రాశాడు. ఆ ఇళ్ళలో ఏనుగులతో పాటు సైకిళ్ళు, రైళ్ళు, విమానాలు కూడా ఉన్నాయి. చచ్చినవాళ్ళకి మాత్రం కొత్త వస్తువులు వద్దా!

అంటే ఆర్డరు మీద ఇంటి బొమ్మ గీయడం ఈ కొండలకి కొత్త కాదు. అప్పుడు ఆర్డరిచ్చింది పెద్దలు, ఇప్పుడు రిసార్టులు.

తెలుగు లెక్చరర్ని కాబట్టి ఒక మాట. ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారికి దండ వేస్తాం. ఆయన 1931లో సవర భాషకి వ్యాకరణ పుస్తకం, 1938లో సవర–ఇంగ్లిష్ నిఘంటువు తెచ్చారన్నది ఒక్క వాక్యంలో దాటేస్తాం. సవర మాట మన క్లాసులోకి రాలేదు. బొమ్మ మాత్రం డ్రాయింగ్ రూములోకి వచ్చింది, గీసినవాళ్ళ పేరు లేకుండా. మా వాడలకి ఇది తెలిసిన కథే. పెళ్ళికి డప్పు కావాలి, కొట్టేవాడు పందిట్లోకి రాకూడదు.

పోయినేడు నేనూ ఒకటి గీయించుకున్నాను. మాలపల్లిలో మా నాన్నమ్మ ఉన్న ఇల్లు. ఫోటో ఒక్కటి లేదు. మా దగ్గర చదువుకున్న సవర కుర్రాడు ఎదురుగా కూర్చుని అడుగుతూ గీశాడు. "చూరు ఎంత ఎత్తు సార్?" వంగి వెళ్ళాలి అన్నాను. "ఆవిడకి ఏమిష్టం?" చుట్ట, నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేది అన్నాను. నవ్వి, గుమ్మంలో కూర్చోబెట్టి చుట్ట పెట్టాడు. కింద పేరు రాయమంటే మొహమాటపడ్డాడు. రాయించాను.

ఆ ఊళ్ళలో ఇప్పుడు పక్కా ఇళ్ళు వస్తున్నాయి. రావాలి. స్లాబు కింద పడుకునే మనం, కారే ఇంట్లో ఉండి సంస్కృతిని కాపాడమని వాళ్ళకి చెప్పకూడదు. కానీ ఆ ఇంటి ప్లాను గీసేటప్పుడు బొమ్మ గోడ ఎక్కడ కావాలని కూడా అడగాలి.

ఇంకొకటి, ఇంటి కింద నేల. 1/70 ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుడి చేతికి మారితే చెల్లదు. 1997 సమతా తీర్పు వచ్చింది అరకు దారిలోని బొర్రా పల్లెల పోరాటం నుంచే. బినామీ పేరు మీద కట్టిన గోడకి ఆదివాసి ఇంటి బొమ్మ తగిలిస్తే అది ప్రేమ అనిపించుకోదు, వెక్కిరింత అవుతుంది.

గీయించుకోండి. బేరమాడకండి. కింద మనిషి పేరు, తెగ పేరు రాయించండి. ఫోటో లేని మీ వాడ ఇల్లు ఉంటే ముందు అదే గీయించండి.

జై భీమ్.