గాయము కనబడని ములుకోల

ఎద్దులను తోలుట యెంత ప్రాతపనియో ములుకోలయు నంత ప్రాతది. వెదురుకఱ్ఱ కొనయందు ఇనుపమొల దిగవేసినచో అది ములుకోల. తోలుపట్టె ముడివేసినచో చర్నాకోల. మావటివాని యంకుశము వీనికి అన్న వంటిది. బైబిలు చదువువారికి మునికోల యను మాట చిన్ననాటినుండి పరిచితమే. దానికి ఎదురుతన్నిన యెద్దునకే నొప్పి హెచ్చునని ఆ మాటకు వెనుకనున్న సేద్యగాని యనుభవము. మన యూళ్లలో మంచి సేద్యగాడు ములుకోలను పశువునకు తగిలింపకయే, దాపటి యెద్దును ఒక కూతతోను వలపటి యెద్దును వేఱొక కూతతోను అదలించి చాలు సాగించును. బండికి కట్టిన పశువులను ములుకులుగల కఱ్ఱతో తోలరాదని 1965లో వెలువడిన కేంద్రప్రభుత్వపు నిబంధనలు చెప్పుచున్నవి. అయినను సంతనాడు లారీ యొద్ద నిలిచి చూచినవారికి ఆ మొల యింకను కనబడుచునే యుండును.

మాలో నొకని పెదనాయన పశువుల బేరగాడు. ఆయన ఎచ్చటనో విద్యుత్తుతో పశువులను తోలు కోలను చూచివచ్చి, మా చదువును పరీక్షించుటకో యేమో, మమ్ము పిలిపించి యిట్లడిగెను: "ఏమిరా అబ్బాయిలూ, బళ్లో కరెంటు పాఠాలు చెబుతారు గదా, అలాంటి కోల ఒకటి చేసిపెట్టలేరా? మొల గుచ్చితే పుండు పడుతోంది. పుండు పడితే ధర పడుతోంది." మేమనగా పదియవ తరగతి విద్యార్థులము ఐదుగురము, శుక్రవారపు సాయంకాలములందు ప్రయోగశాలలో కూడువారము. "చూస్తాము పెదనాయనా" అని వచ్చితిమి.

వచ్చిన తరువాత మాలో వాదము పుట్టెను. ఒక ప్రాణికి నొప్పి కలిగించుటకే యేర్పడిన పనిముట్టును చేయుట చదువుకొన్నవారి పనియా యని యిద్దరు వెనుదీసిరి. మేము చేయకున్నచో మొల మానునా యని తక్కిన మువ్వురు. మా శాస్త్రోపాధ్యాయులు ఇరుపక్షములను విని, రెండు షరతులమీద అనుమతి యిచ్చిరి. తమ ముంజేతిమీద పట్టించుకొననిది ఏ పశువుమీదను పెట్టరాదు; ఆ కోల యేమి చేయవలయునో గీయుటకు ముందు ఏమి చేయరాదో వ్రాసి తేవలయును. ఈ రెండవ షరతు మొదట మాకు వట్టి చాదస్తముగా తోచెను గాని, పని యంతయు దానిమీదనే నడచినది.

విద్యుత్తు సంగతి త్వరగా చెప్పవచ్చును. నాలుగు చిన్న సెల్లులు వరుసగా కూర్చినచో 6 వోల్టులు వచ్చును. ఎద్దుచర్మముపైనున్న యెండు రోమములను దాటుటకు అది యేమాత్రమును చాలదు. కొన్ని వేల వోల్టులు కావలయును. 1831లో ఫారడే కనిపెట్టిన ప్రేరణసూత్రమే యిచ్చట మనకు ఆధారము. కొద్ది చుట్లుగల తీగలో ప్రవాహమును మాటిమాటికి తెంచి కలుపుచుండినచో, దాని ప్రక్కనే వేలకొలది చుట్లుగల సన్నతీగలో హెచ్చు వోల్టులు పుట్టును. పూర్వము ఈ తెంచుట కలుపుట యను పని కరెంటుగంటలో వలె కొట్టుకొను చిన్న యినుపరేకు చేసెడిది; ఇప్పుడు ట్రాన్సిస్టరు చేయును. వోల్టులలో పెరిగినంత ప్రవాహములో తరుగును గనుక, వేల వోల్టులన్న మాట విని భయపడనక్కఱలేదు. ఒక్కొక్క తాకిడి కన్నుమూసి తెఱచునంత సేపైన నుండదు.

ఇందులో మాకు మిక్కిలి నచ్చిన యంశము మొనలు రెండుండుట. పొలమునకు కట్టు కరెంటుకంచెలో ప్రవాహము తీగనుండి పశువులోనికి వచ్చి, కాళ్లగుండ నేలలోనికి దిగి, నేలవెంట యంత్రమునకు తిరిగిపోవును. (న్యూజీలాండునందు 1930లలో గాలఘర్ అను నాయన తన మోటారుకారునకు వచ్చి ఒరసికొను గుఱ్ఱమును మాన్పుటకు కారునకే విద్యుత్తు పెట్టెననియు, ఆ వంశమువారి కంచెల వ్యాపారమునకు అదియే మొదలనియు చెప్పుదురు.) చేతికోల యట్లు కాదు. దాని రెండు మొనలును ఒకచోటనే తగులును. ప్రవాహము ఒక మొననుండి రెండవ మొనకు, నడుమనున్న చర్మము కండలగుండ మాత్రమే పోవును. గుండెదాక పోదు. నేల తడిగా నున్నను పొడిగా నున్నను భేదము లేదు.

షరతు ప్రకారము ఐదుగురమును ముంజేయి చాచితిమి. ఉపాధ్యాయులు మొదట తమ చేతిమీదనే పెట్టుకొనిరి. అర్ధసెకను తాకిడి గట్టిదెబ్బ వంటిది. చేయి వెనుకకు పోవును, మనస్సు పకాలున మేల్కొనును, అంతే. ఒక సెకను తేలుకుట్టిన మొదటి క్షణము వంటిది. ఇంకను కొంచెము సాగించి చూతమనిన వానికి మాట తిరుగలేదు. పండ్లు కఱచుకొని యుండెను. అప్పుడు కండ తనంత బిగిసికొనును. తొలగవలెనని తోచినను తొలగుటకు వలసిన కండలే మన వశమున నుండవు. 1791లో బొలోన్యా నగరపు గాల్వానీ తన కప్పకాళ్ల కదలికనుగూర్చి ప్రకటించినదానిని పాఠమున చదివి యుంటిమి. ఆ దినమున మేమే ఆ కప్పలమైతిమి. పశుదేహమునందు విద్యుత్తునకు అడ్డు మనుష్యదేహములో నున్నంత యుండదని ఉపాధ్యాయులు చెప్పినప్పుడు, మాకు తేలైనది దానికి ఏమగునో యని యెవరును పైకి అనలేదు.

కావున, వోల్టులు పుట్టించుట ఒక సాయంకాలపు పని. ఆపుట మూడు నెలల పని. మీట నొక్కినవాడు కోపముతో నున్నవాడు. లారీ డ్రైవరు వెనుకనుండి తొందరించును, ఎండ మాడ్చును, పశువు మొండికెత్తును. అట్టివాని బొటనవ్రేలిని నమ్మి యంత్రము చేయరాదు. ఎంతసేపు నొక్కి పట్టినను ఒక్క సెకనుతో తాకిడి ఆగిపోవునట్లును, వ్రేలు తీసి మరల నొక్కినను ఐదు సెకనులు గడచినగాని పుట్టకుండునట్లును అమర్చితిమి. ఒక్క సెకను మా కల్పన కాదు. ఐరోపా సమాఖ్య 2005లో ప్రకటించిన పశురవాణా శాసనమునందే యున్నది. ఎదిగిన పశువులకు, ఎదిగిన పందులకు మాత్రమే, వెనుకతొడ కండలమీద మాత్రమే, కదలనని మొరాయించినప్పుడు మాత్రమే, అదియు ముందునకు చోటున్నప్పుడే యని అందు వ్రాసినారు. ప్రపంచ జంత్వారోగ్యసంస్థ నియమములు దూడలను, గొఱ్ఱెలను, మేకలను, గుఱ్ఱములను దీనితో ముట్టనే కూడదనియు. కన్ను, నోరు, చెవి, పొట్ట, మర్మస్థానములు ఎన్నడును తాకరాదనియు చెప్పుచున్నవి. ముందునకు చోటులేనప్పుడు అను మాటకడ మేము చాలసేపు ఆగితిమి. ముందున్న యెద్దు కదలకున్న వెనుకదానిని పొడుచుట సంతలో నిత్యము జరుగునది. ఆ వెనుకది ఎచ్చటికి పోవలయును?

తక్కిన యమరికలు చిన్నవి. మొనలు గుండ్రని యిత్తడివి, గుచ్చుటకు పనికిరావు. గొట్టము బోలుగానుండు ప్లాస్టికుది, కఱ్ఱవలె కొట్టినచో విఱుగును. విఱుగవలెననియే దానిని ఎన్నుకొంటిమి. పొడవు రెండున్నర యడుగులు. వాన తడిసినచో తోలువానికే తగులును గనుక పిడియొద్ద రబ్బరు తొడిగితిమి.

ఇవి యన్నియు ముగిసినను మమ్ము నిద్రపోనీయని సంగతి యొకటి మిగిలెను. మొల గుచ్చిన చోట నెత్తురు కనబడును. సాయంకాలము కడుగునప్పుడు యజమాని చూచును; కొనువాడు చేయివేసి తడవి ధర తగ్గించును; పశువైద్యుడు చూచి యిదేమని యడుగును. మూగజీవమునకు గాయమే వాఙ్మూలము. మా కోల పెట్టు బాధకు మఱునాటికి గుర్తు మిగులదు. పెదనాయన దీనిని కోరినదియు అందులకే కదా. పుండు పడదు, ధర పడదు. ఆయన క్రూరుడు కాడు. తన యింటి యెద్దులకు పండుగనాడు కొమ్ములకు రంగు పూసి, తాను తినకముందు వానికి పెట్టువాడు. కాని గుర్తుపడని నొప్పిని లెక్కించువారు ఎవ్వరును ఉండరు. లెక్కలేని చోట చేయి ఎంతవఱకు పోవునో చరిత్ర చెప్పుచున్నది.

అమెరికాలో అలబామా రాష్ట్రమున నల్లజాతివారు వోటుహక్కు కొఱకు పోరాడు దినములలో, పశువులకై చేసిన యీ కోలలనే మనుష్యులమీద వాడిరి. 1965 ఫిబ్రవరిలో సెల్మా పట్టణపు న్యాయస్థానము ముందు మౌనముగా నిలిచిన నూటికి పైబడిన బాలబాలికలను, షెరీఫు జిమ్ క్లార్కు మనుష్యులు ఈ కోలలతోను లాఠీలతోను పొడుచుచు ఊరివెలుపలి దారివెంట పరుగెత్తించిరి. వారిలో పలువురు మా యీడువారు, బడిపిల్లలు. దీనిని చదివిన దినమున, మొదట వెనుదీసిన యిద్దరును మరల లేచి, పని యాపవలెననిరి. తక్కినవారికి ప్రత్యుత్తరము దొరకలేదు. ప్రత్యుత్తరమునకు బదులు ఒకడు తన యింటినుండి చేతితో నొక్కి లెక్కించు చిన్న లెక్కపెట్టెను తెచ్చెను. గుంపులో మనుష్యులను లెక్కించువారు వాడునట్టిది.

దాని నాలుకను కోలమీటకు జోడించితిమి. మీట నొక్కిన ప్రతిసారియు అంకె యొకటి ముందునకు దొర్లును. అంకెలు పిడిమీద, ప్రక్కనున్నవారికి కూడ కనబడుచోట నుండును. మీటనుండి దానిని విడదీసినచో మీటయే పనిచేయదు. అంకెను సున్నకు త్రిప్పు బిళ్లను లక్కతో మూసి పాఠశాల ముద్ర వేసితిమి. నెత్తురునకు బదులు ఈ అంకె చెప్పును. ఇది చాలునా యని వెనుదీసినవారు అడిగిరి. చాలునని మేమును అనలేదు గాని, వారు సంతకము చేసిరి.

కోల మొదటి సంతకు పోయి తిరిగివచ్చినప్పుడు అంకె 43 చూపెను. లారీలకెక్కించిన పశువులు ముప్పదికి లోపు. ఆ అంకెను చూచిన తరువాత ఇంటనుండుట మావల్ల కాలేదు. శనివారమున ఐదుగురమును ఆ పలకయొద్దకు పోయి, ఎద్దుతల యెంత యెత్తుననుండునో అంతకు వంగి నడచి చూచితిమి. కాలరాడో రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఆచార్యురాలు టెంపుల్ గ్రాండిన్ ఇట్లే పశువుకంటితో దారిని చూచుట నేర్పినట్లు చదివి యుంటిమి. పశువు ఇంచుమించు తనచుట్టును చూడగలదు, తోకవెనుక మాత్రమే చూడలేదు. కాని లోతును గుర్తించుటకు తల దించి ఆగవలయును. వెలుగునీడల గీఁత యొకటి అడ్డముగ పడినచో అది దానికి గోతివలె తోచును. మా కంటికి నిన్నటివఱకు వట్టిపలకయైనది అప్పుడు వేఱుగ కనబడెను. పలకకును లారీకిని నడుమ జానెడు సందు, దానిక్రింద మురుగునీటి మెఱపు. తాటాకుపందిరి సందులనుండి పలకమీద ఎండచాఱలు. లారీ గొలుసు వ్రేలాడుచు ఊగుచుండెను. అన్నిటికిమించి, పశువును పిలుచువాడు దాని ముఖమునకెదురుగ నిలిచి పగ్గము లాగుచుండెను. వెనుకనుండి యొకడు పొడుచుచు, ముందునుండి యొకడు అడ్డగించుచు, ఆ జీవము ఎవరి యాజ్ఞ పాటింపవలయును?

పెదనాయనతో చెప్పి, గోనెపట్టాలు రెండుప్రక్కల కట్టించితిమి. సందుమీద చెక్క పఱచి మన్నును గడ్డియు చల్లితిమి. గొలుసు కట్టివేసితిమి. పలక మిక్కిలి నిట్రముగ నుండెను. ఏటవాలు 20 డిగ్రీలు దాటరాదని గ్రాండిన్ చెప్పును గనుక మట్టిదిమ్మ పోయించి దానిని తగ్గించితిమి. పశువు మూపు దగ్గఱ ఒక తూకపుచోటున్నది; దానికి వెనుకగా ప్రక్కనుండి అడుగువేసినచో పశువు ముందునకును, దానికి ముందుగా అడుగువేసినచో వెనుకకును కదలును. ఈ కిటుకును తోలువారికి చూపినప్పుడు వారిలో వృద్ధుడొకడు, "ఇది మా తాత చెప్పిందే" అని నవ్వెను. మూపురముగల జాతులు మోటుచేతులలో ఐరోపాజాతులకంటె త్వరగా బెదరునని గ్రాండిన్ వ్రాసినది. మన ఒంగోలు పశువులు బ్రెజిలు దేశమునకు పోయి, మన నెల్లూరి పేరుమీదనే నెలోర్ అని పిలువబడుచు, అచ్చట కోట్లకొలదిగ వర్ధిల్లుచున్నవి. ఆ దూరదేశపు దొడ్లలోను ఇదే బెదరు, ఇదే తూకపుచోటు.

రెండవ సంతకు అంకె 52కు చేరెను. అనగా ఆ దినమున తొమ్మిది. పశువులు ఇంచుమించు అన్నియే.

పెదనాయన కోలను పట్టుకొని పాఠశాలకు వచ్చెను. "కోల బాగుందిరా అబ్బాయిలూ. పలక ఇంకా బాగుంది. ఆ లెక్కపెట్టె ఒకటి తీసేస్తే సరిపోతుంది. కొనడానికి వచ్చినవాడు ఎద్దు పళ్లు చూడడం మాని ముందు అదే చూస్తున్నాడు" అనెను.

"తీస్తే కోల పని చెయ్యదు పెదనాయనా. అట్లాగే కట్టాము" అని ఆయన తమ్ముని కొడుకే చెప్పెను.

ఆయన కొంతసేపు లక్కముద్రను బొటనవ్రేలితో తడవి, మారుమాటాడక కోలను కండువాలో చుట్టుకొని పోయెను. ఈ సంచిక అచ్చునకు పోవునాటికి మూడవ సంత యింకను జరుగలేదు.