ఫైల్ రాని రాత్రి మేం ఏం చేస్తామంటే

డిగ్రీ అయిపోయిన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మీరు చేసే ఈటీఎల్ సపోర్ట్ అంటే ఏంటి, రాత్రంతా కూచొని ఏం చేస్తారు?" అని. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పేకన్నా ఇక్కడే రాద్దామనుకున్నాం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మేం నలుగురం. ఇద్దరిది ఉట్నూర్ వైపు, ఒకరిది పాడేరు దగ్గర, ఒకరిది ఏటూరునాగారం. హైదరాబాద్‌లో ఒకే రూములో ఉంటాం. కంపెనీలు వేరు, పని మాత్రం ఒకటే. బయటి నుంచి రోజూ వచ్చే ఫైళ్లను డేటాబేస్‌లోకి ఎక్కించే జాబులు రాత్రిపూట వాటంతట అవే నడుస్తుంటాయి. ఇక్కడ జాబు అంటే ఉద్యోగం కాదు, టైం పెట్టి వదిలేసిన ప్రోగ్రాం. అది సక్కగా నడిస్తే మాతో పని లేదు. ఆగితే ఫోన్ మోగుతుంది.

జాబు ఫెయిలైందంటే కోడ్ తప్పని కొత్తోళ్లు అనుకుంటారు. మేం చూసినంతలో ఎక్కువ సార్లు తేడా ఫైల్‌లోనే ఉంటుంది. ఫైల్ రాదు. వచ్చినా లోపల ఏమీ ఉండదు, సైజు సున్నా. లేదంటే నిన్నటి ఫైలే ఇవాళ్టి పేరుతో వస్తుంది. ఇవన్నీ నయమే, ఎందుకంటే తొందరగా దొరికిపోతాయి. మాకు భయం సగం ఫైల్‌తోనే. అవతలివాళ్లు ఇంకా కాపీ చేస్తూనే ఉంటారు, మన జాబు టైం అయిందని చదవడం మొదలుపెడుతుంది. 90,000 వరుసలు రావాల్సిన చోట 40,000 ఎక్కించి, పని అయిపోయిందని పచ్చ గుర్తు చూపిస్తుంది. ఎర్ర గుర్తు పడితే లేచి చూస్తాం. పచ్చ గుర్తును ఎవరు అనుమానిస్తారు?

దీనికి మందు పెద్ద టెక్నాలజీ ఏం కాదు. పంపేవాళ్లు ముందు వేరే పేరుతో కాపీ చేసి, పూర్తయ్యాక అసలు పేరు పెట్టాలి. ఫైల్ చివరి వరుసలో మొత్తం ఎన్ని వరుసలో, ఎంత డబ్బో రాయాలి. జీసీసీ డిపోలో చింతపండు బస్తాలు దింపేటప్పుడు చీటీలో లెక్కతో సరిపోయిందా లేదా చూస్తారు కదా, అదే. లెక్క సరిపోకపోతే ఒక్క వరుస కూడా లోపలికి పోనివ్వద్దు.

ఇంకో సంగతి, ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు. లక్ష వరుసల్లో ఒక్కటి చెడితే ఏం చేయాలి? ఒక్కో టూల్‌ది ఒక్కో పద్ధతి. పోస్ట్‌గ్రెస్‌లో మామూలుగా కాపీ కమాండ్ వాడితే ఒక్క చెడ్డ వరుసకే మొత్తం ఆగిపోతుంది, ఏదీ ఎక్కదు. ఒరాకిల్ వాళ్ల ఎస్‌క్యూఎల్ లోడర్ చెడ్డ వరుసల్ని పక్కన వేరే ఫైల్‌లో పెట్టి ముందుకు పోతుంది, మనం ఏమీ చెప్పకపోతే 50 తప్పుల దాకా ఓర్చుకుంటుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో బీసీపీకి ఆ లెక్క 10. ఏది మంచిదంటే, డబ్బుల ఫైలైతే మొత్తం ఆపడమే మేలంటాం. మాలో ఒకరు మాత్రం ఒప్పుకోరు, ఒకరి తప్పుకు లక్షమంది ఎందుకు ఆగాలంటారు. ఈ తగువు రూములో ఇంకా తేలలేదు. ఒక ఫోల్డర్‌లో 40 ఫైళ్లుంటే మాత్రం, ఒకటి చెడిందని మిగతా 39 ఆపకూడదనే దాంట్లో అందరిదీ ఒకటే మాట. చెడ్డదాన్ని వేరే ఫోల్డర్‌లోకి జరిపి మిగతావి ఎక్కించి, చివర్లో జాబు గట్టిగా అరవాలి. అరవకుండా ఊరుకుంటే పక్కన పెట్టినదాన్ని ఎవరూ చూడరు. సరిచేసి మళ్లీ నడిపితే అదే వరుస రెండుసార్లు ఎక్కకుండా కూడా చూసుకోవాలి, లేదంటే ఒకే మనిషికి రెండు పేమెంట్లు పోతాయి.

ఎక్సెల్ గురించి చెప్పకపోతే పాపం తగులుతుంది. సీఎస్‌వీ ఫైల్‌ను ఎవరో ఎక్సెల్‌లో తెరిచి, ఒకసారి చూసి సేవ్ కొడతారు. అంతే, అకౌంట్ నంబరు ముందున్న సున్నాలు పోతాయి. 15 అంకెల తర్వాతవన్నీ సున్నాలైపోతాయి. 12 అంకెల ఆధార్ నంబరు చుక్క, ఈ, ప్లస్ గుర్తులతో కుదించుకుపోతుంది. ఇంగ్లాండ్‌లో 2020లో ఇంతకన్నా పెద్దదే జరిగింది. ల్యాబుల నుంచి వచ్చే కోవిడ్ ఫలితాల ఫైళ్లను పబ్లిక్ హెల్త్ ఇంగ్లాండ్ వాళ్లు పాత ఎక్సెల్ ఫార్మాట్‌లోకి ఎక్కించేవారు. ఆ ఫార్మాట్‌లో 65,536 వరుసలే పడతాయి. అంతకు మించినవి చప్పుడు లేకుండా రాలిపోయాయి. సెప్టెంబర్ 25 నుంచి అక్టోబర్ 2 మధ్య 15,841 పాజిటివ్ కేసులు లెక్కలోకి రాలేదు. వాళ్లతో కలిసి తిరిగినవాళ్లకు చెప్పడం కూడా ఆలస్యమైంది.

ఇంగ్లాండ్ సంగతి సరే, ఇప్పుడు మన దగ్గరికొద్దాం. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఇదే.

మాలో ఒకరు కుటుంబాలకు డబ్బులు జమచేసే ఒక సంస్థ ఫైళ్లు చూసేవారు. సంస్థ పేరు చెప్పకూడదు, చెప్పం. ఆ జాబులో ఒక రూల్ ఉంది. పేరు, పుట్టిన తేదీ, ఊరు మూడూ ఒకటైతే రెండో వరుసను డూప్లికేట్ కింద తీసి రిజెక్ట్ ఫైల్‌లో పడేస్తుంది. రిజెక్టులు ఒక శాతం దాటకపోతే జాబు పచ్చగానే ఉంటుంది. ఆ ఫైల్‌ను తెరిచేవాళ్లే లేరు. ఒకరోజు తెల్లవారుజామున పని లేక తెరిస్తే, వరుసగా ఆత్రం, మడావి, సిడాం, తొడసం. కింద పాంగి, కొర్రా. అన్నీ మన ఇంటిపేర్లే.

ఎందుకో మీకు అర్థమయ్యే ఉంటుంది. పుట్టిన తేదీ కాగితాలు లేని మన పెద్దోళ్లకు ఆధార్‌లో జనవరి 1 పడింది. ఇంటిపేరున్నోళ్లంతా ఒకే గూడెంలో ఉంటారు. తాత పేరే మనవళ్లకు, అన్నదమ్ముల పిల్లలకు పెట్టుకుంటాం. ఒకే గూడెంలో ఒకే పేరుతో ఇద్దరు, ఒకే సంవత్సరం జనవరి 1. మనకు ఇద్దరు మనుషులు. మెషీన్‌కు ఒక్కరే.

టీం లీడ్‌తో చెబితే "రూల్ క్లయింట్‌ది, జాబు సక్సెస్, వదిలేయ్" అన్నాడు. ఆయన్ని అనడానికేం లేదు, ఆయన చూసేది పచ్చ గుర్తునే. రూములో నలుగురం కూచొని ఆలోచించాం. మనోళ్లకు అన్యాయమని రాస్తే ఎవరూ చదవరు. అందుకే రిజెక్ట్ వరుసల్ని మండలాల వారీగా లెక్కగట్టాం, పేర్లు లేకుండా, అంకెలే. మైదానం మండలాల్లో ఒకటీ అరా, ఏజెన్సీ మండలాల్లో కుప్పలు. ఒకే పేజీ. దానికింద, డూప్లికేట్ అన్న జంటల్లో బ్యాంక్ అకౌంట్ నంబర్లు వేరుగా ఉన్నవి ఎన్నో రాశాం. దాదాపు అన్నీ వేరే. ఆ పేజీని లీడే క్లయింట్‌కు పంపించాడు, అది ఆయన మంచితనం. ఆరు వారాల తర్వాత రూల్‌లో అకౌంట్ నంబరు కూడా చేర్చారు.

అయితే రిజెక్ట్ ఫైళ్లు 30 రోజులే ఉంచుతారు. ఆ 30 రోజుల్లోవి మళ్లీ ఎక్కించారు. అంతకుముందువి డిలీట్ అయిపోయాయి. పాత నెలల సోర్స్ ఫైళ్లు మళ్లీ పంపమని క్లయింట్‌ను అడిగించాం, ఇంకా జవాబు రాలేదు. డోర్ నంబరు ఖాళీగా ఉంటే రిజెక్ట్ చేసే రూల్ ఇంకా అలాగే ఉంది. గూడెంలో ఇళ్లకు డోర్ నంబరెక్కడిది?

మీ ఇంట్లో ఎవరికైనా పేరు లిస్టులో ఉండి డబ్బులు పడకపోతే, ఆఫీసుకెళ్లి "మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి" అనిపించుకొని తిరిగి రాకండి. ఫైల్‌లో మా వరుస వెళ్లిందా, ఏ తేదీన వెళ్లింది, రిజెక్టయితే కారణం ఏం రాసి ఉంది అని అడగండి. నెల తిరగకముందే అడగండి. ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు కింద కామెంట్‌లో మీ డిగ్రీ, ఊరు రాయండి. ఎస్‌క్యూఎల్, లైనక్స్ మొదటినుంచి ఆదివారాలు మేమే చెప్తాం. ల్యాప్‌టాప్ లేకపోయినా పర్లేదు, మొదటి రెండు వారాలు ఫోన్‌తో సరిపోతుంది.