హాకర్ కొండల్లో పదమూడు తూటాలు

ఉన్ని కత్తిరించే షెడ్డులో, ఏళ్ల తరబడి గొర్రెల జిడ్డు పట్టి నల్లబడిన బల్ల మీద ఆసామి మూడు తూటాలు వరసగా నిలబెట్టాడు. జేబుకత్తితో ఒక్కోదాని మూతి కోసి, లోపలి సీసపు గుళ్లను మూడు సాసర్లలోకి వంచాడు. మొదటి సాసర్లో పచ్చి బఠాణీలంత గుళ్లు, తొమ్మిది. రెండో దాంట్లో కందిగింజ కన్నా కాస్త పెద్దవి, పదిహేడు. మూడో దాంట్లో మిరియాల సైజువి, లెక్కపెడితే నలభై. "బరువు మూడింట్లోనూ ఒకటే, 32 గ్రాములు. ఆ బరువును ఎన్ని ముక్కలు చెయ్యాలన్నదే మనం తేల్చుకోవాలి" అన్నాడు.

పెట్టెల మీది పేర్లు చూసి నేను కాసేపు మాట్లాడలేకపోయాను. ఎస్‌జీ, ఎస్‌ఎస్‌జీ, ఏఏఏ. అనంతపురం జిల్లాలో మా తాత దగ్గర లైసెన్సున్న ఒంటిగొట్టం ట్వెల్వ్ బోర్ ఉండేది. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చాక అది దూలానికి వేలాడుతూ ఉండిపోయింది. కానీ దసరాకి దాన్ని దించి నూనె పెట్టేటప్పుడు "ఎల్‌జీ రెండు, ఎస్‌జీ నాలుగు మిగిలినాయి" అని ఆయన చెప్పుకొనే లెక్క నా చెవుల్లో ఇంకా ఉంది. గుళ్ల సైజులకు బ్రిటిష్ వాళ్లు పెట్టిన పేర్లు ఇవి. ఎస్‌జీ గుళ్లు ఔన్సుకు 8 తూగుతాయి, ఎస్‌ఎస్‌జీ 15, ఏఏఏ 35. మన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల 'శక్తిమాన్' తూటాల మీదా ఇవే అక్షరాలు ఉంటాయి. తాత ఆ అక్షరాలకు అర్థం ఎన్నడూ చెప్పలేదు. సముద్రాలు దాటి వచ్చాక, దక్షిణ ఆస్ట్రేలియాలో ఒక గొర్రెల ఆసామి చెప్పాడు.

మా చెల్లెలి కూతురు అడిలైడ్‌లో పశువైద్యురాలు. ఊరూరా గొర్రెల స్టేషన్లకు తిరిగే ఉద్యోగం. "మామా, నువ్వు మేకల గురించి రాస్తుంటావు కదా, మనుషులు వదిలేసిన మేకలు ఎట్లుంటాయో చూద్దువు రా" అని ఆగస్టులో, అక్కడి చలికాలం చివర, తన జీపులో ఎక్కించుకుంది. ఉత్తరంగా 400 కిలోమీటర్లు పోతే ఫ్లిండర్స్ కొండల దగ్గర హాకర్ అనే చిన్న ఊరు. దారిలో పైకప్పుల్లేని రాతిగోడలు కనిపించాయి. 1865లో గోయ్‌డర్ అనే సర్వేయరు పటం మీద ఒక గీత గీసి, దీనికి ఉత్తరాన వానను నమ్మి పైరు పెట్టొద్దన్నాడు. 1870లలో నాలుగు మంచి వానలు పడగానే జనం గీత దాటి గోధుమ వేశారు, 1880లలో కరువుకు చితికిపోయారు. హాకర్ చుట్టుపక్కల అట్లాంటి గోడలు ఎన్నో. కరువు సీమలో పుట్టినవాణ్ణి, ఆ గోడల్ని చూస్తే నాకు వివరించి చెప్పేవాళ్లు అక్కర్లేదు.

ఆ నేల మీద ఇప్పుడు మేకలున్నాయి. 1788లో మొదటి ఓడల్తోనే మేకలు ఆస్ట్రేలియాకు వచ్చాయి. తర్వాత బొచ్చు కోసం అంగోరా, కాశ్మీరీ జాతుల్ని తెచ్చారు. వ్యాపారం దెబ్బతిన్నప్పుడు కొన్నింటిని వదిలేశారు, కొన్ని తప్పించుకున్నాయి. డింగో కుక్కలు గొర్రెల మీద పడకుండా కట్టిన వేల కిలోమీటర్ల కంచెకు ఈ కొండలు లోపలివైపు ఉన్నాయి. అందుకని ఎదిగిన మేకను వేటాడే జంతువు దాదాపు లేదు. ఈతకు రెండేసి పిల్లలు. మేక నోరు పడని చెట్టు లేదంటారు మా వైపు. ఇక్కడ దాని నోట్లో పడుతున్నది పసుపు కాళ్ల రాతి వాలబీ మేత. చిన్న కంగారూలాంటి ఆ ప్రాణికి తోక మీద చారలుంటాయి. ఇక్కడి ఆదివాసులు అడ్‌న్యమతన్హాలు దాన్ని 'ఆండు' అంటారు. దాని నీళ్లకూ నీడకూ కూడా మేకలే పోటీ. ఆండును కాపాడటానికి ప్రభుత్వం 1992లో 'బౌన్స్‌బ్యాక్' అనే పథకం మొదలుపెట్టింది. అప్పట్నుంచి వేటగాళ్ల సంఘాల స్వచ్ఛంద సభ్యులు కూడా వచ్చి మేకల్ని కాలుస్తున్నారు.

ఆసామి అన్నింటికన్నా ముందు చేసేది కాల్చడం కాదు. మోటార్‌సైకిళ్ల మీద కుక్కలతో మందలను తోలి, నీళ్ల దగ్గర దొడ్లలో పట్టి మాంసానికి అమ్ముతాడు. ఆస్ట్రేలియా మేకమాంసం ఎక్కువగా అమెరికాకు పోతుంది. అట్లా తోలగా మిగిలేవి లోయల్లో, బండల సందుల్లో దాక్కునే మొండివి. దూరంగా ఎదుటి వాలు మీద కనబడితే రైఫిల్ చాలు. ప్రభుత్వ పద్ధతుల్లోనూ రైఫిల్‌కే మొదటి స్థానం. కానీ సన్నని లోయలో, పైన్ చెట్ల మధ్య, మలుపు తిరగగానే ఇరవై అడుగుల ముందు మేక లేచి పరిగెత్తినప్పుడు రైఫిల్ ఎత్తి గురిచూసే వ్యవధి ఉండదు. వెనక బండరాయి ఉంటే తూటా ఎటు ఎగురుతుందో కూడా చెప్పలేం. అక్కడికి మాత్రమే షాట్‌గన్.

ఆయనది ఒక గొట్టం మీద ఒకటి ఉండే జంటగొట్టాల తుపాకి. 1996లో పోర్ట్ ఆర్థర్‌లో ఒకడు 35 మందిని చంపాక, ఆ దేశం సెమీ ఆటోమేటిక్ తుపాకుల్నీ పంప్ షాట్‌గన్లనీ మామూలు వేటగాళ్ల చేతుల్లోంచి తీసేసింది. చేతిలో ఉన్నవి రెండే తూటాలు. ఆ చట్టం తనను మంచి వేటగాణ్ణి చేసిందని ఆసామి అంటాడు. నేను నమ్ముతాను. రెండే ఉన్నవాడు మొదటిదాని గురించి ఎక్కువ ఆలోచిస్తాడు.

షెడ్డు వెనక మట్టిగట్టుకు ఆనించి, మేక నిలువెత్తు బొమ్మ గీసిన అట్టలు నిలబెట్టాడు. ముంగాలు వెనక, గుండె ఊపిరితిత్తులుండే చోట, 20 సెంటీమీటర్ల వలయం. అట్టల వెనక నీళ్లలో నానబెట్టిన పాత వార్తాపత్రికల కట్టలు. గుండు కండలోకి ఎంత లోతు దిగుతుందో తెలుసుకోవడానికి ఊళ్లలో వాడే పద్ధతి ఇది. గొట్టం చివర బిగించే ఇరుకు గొట్టాన్ని చోక్ అంటారు. అందులో పావు, అర, పూర్తి అని తరగతులు. ఇరుకు పెరిగేకొద్దీ గుళ్లు దగ్గరదగ్గరగా పోవాలి. ముందు అర చోక్ పెట్టి మూడు రకాల తూటాలనూ 10, 20, 30 మీటర్ల నుంచి కాల్చాడు. మొత్తం తొమ్మిది. ఒక్కోసారి కాల్చాక నేనూ మా మేనకోడలూ పోయి రంధ్రాలు లెక్కపెట్టి, పెన్సిలుతో చుట్టూ గీతలు గీశాం.

పది మీటర్ల దగ్గర తేడా ఏమీ లేదు. ఏ తూటా అయినా జానెడు మేరలోనే రంధ్రాలు. ఇరవై దగ్గర కథ మొదలైంది. ఎస్‌జీ తొమ్మిది గుళ్లలో వలయంలో పడ్డవి ఐదు. ఎస్‌ఎస్‌జీ పదిహేడులో తొమ్మిది. ఏఏఏ నలభైలో పదిహేడు. అంకెలు చూస్తే మూడోదే మేలనిపిస్తుంది, నాకూ అట్లాగే అనిపించింది. ఆసామి తడి కాగితాల కట్ట విప్పి చూపించాడు. ఏఏఏ గుళ్లు పైపై పొరల్లోనే ఆగిపోయాయి, ముప్పై మీటర్ల కట్టలోనైతే వేలితో గీకితే రాలిపోయేంత పైన. ఎస్‌ఎస్‌జీ లోతుకు దిగింది, ఎస్‌జీ ఇంకా లోతుకు. "పోతు మేకకు భుజం మీద తోలు మందం, కింద ఎముక. ఈ చిన్న గుళ్లు దాని ఒంటి నిండా పడతాయి, ఒక్కటీ ఊపిరితిత్తి దాకా పోదు. అది పారిపోయి, నాలుగు రోజులు చీము పట్టి చస్తుంది మామా" అంది మా మేనకోడలు. పశువైద్యురాలు కాబట్టి అట్లాంటివి చూసి ఉంటుంది. ఆ మాట అంటున్నప్పుడు నా వైపు చూడలేదు.

ముప్పై మీటర్ల అట్టలు నేను మర్చిపోలేను. ఎస్‌జీ వలయంలో రెండు, ఎస్‌ఎస్‌జీ నాలుగు. మిగతావాటిలో కొన్ని ఎక్కడ పడ్డాయో చూడండి: ఒకటి కాలి మోకాలు దగ్గర, రెండు పొట్టలో, ఒకటి దవడ మీద. బొమ్మ కాబట్టి కాగితం చిరిగింది, అంతే. దుకాణంలో తూటా పెట్టెల మీద పరిగెత్తే జింక బొమ్మలుంటాయి. అటువంటి పెట్టె కొని, ఒక్కసారి కూడా అట్ట మీద కాల్చి చూడకుండా నలభై మీటర్ల మేక మీదికి కాల్చేవాళ్లు ప్రతి దేశంలోనూ ఉన్నారు. వాళ్లకు ఆ దవడ రంధ్రం చూపించాలని నాకు అనిపించింది.

ఇరుకు పెంచితే గుళ్లు దగ్గరవుతాయి కదా అని అడిగాను. జవాబు చెప్పకుండా పూర్తి చోక్ బిగించి, ఎస్‌జీని 20, 30 మీటర్ల నుంచి కాల్చాడు. వలయంలో పడ్డవి మూడు, ఒకటి. అర చోక్ కంటే అధ్వాన్నం. పెద్ద సీసపు గుళ్లు ఇరుకులోంచి తోసుకుని పోయేటప్పుడు ఒకదాన్నొకటి నొక్కుకుని చపటబడతాయి, చపటబడ్డ గుండు వంకరగా పోతుంది. అందుకే మంచి తూటాల్లో గుళ్లకు రాగి పూత పూస్తారు, సందుల్లో ప్లాస్టిక్ పొడి నింపుతారు. ఇంకో తుపాకిలో పూర్తి చోకే బాగా పనిచేయవచ్చు. "ఇది నా తుపాకి లెక్క. మీది మీరే కాల్చి చూసుకోవాలి" అన్నాడు. చివరిగా ఒంటిగుండు తూటా ఒకటి, స్లగ్ అంటారు, 40 మీటర్ల నుంచి వేశాడు. వలయం మధ్యలో బొటనవేలు పట్టే రంధ్రం. అది మేకను పడేస్తుంది, అనుమానం లేదు. కానీ మేకను దాటి క్వార్ట్‌జైట్ బండకు తగిలి ఎటు పోతుందో తెలియదు కాబట్టి లోయలోకి తీసుకుపోనని పక్కన పెట్టేశాడు.

కింది గొట్టానికి అర చోక్, ఎస్‌ఎస్‌జీ. పై గొట్టానికీ అర చోక్, ఎస్‌జీ. మొదటి దెబ్బ దగ్గర నుంచి, పక్కవాటంగా నిలబడ్డ మేక మీద. రెండోది అవసరమైతే, అప్పటికి మేక వెనక్కి తిరిగి ఉంటుంది కాబట్టి ఎక్కువ కండ దాటి పోగల బరువు గుండు. ఆయన తేల్చుకున్నది అది.

పొద్దు వాలేవేళ మేకలు రాత్రి పడుకోవడానికి పై బండల్లోకి ఎక్కుతాయి. ఎండిన వాగులో రెడ్‌గమ్ చెట్టు వెనక కూర్చున్నాం. ఆసామి ముందే అడుగులు కొలిచి, 20 మీటర్లకు ఒక వంగిన పైన్ చెట్టును గుర్తు పెట్టుకున్నాడు. "ఆ చెట్టుకు అవతల ఉన్నదేదీ నాది కాదు" అన్నాడు. మొదట వచ్చినవి ఏడు, చెట్టుకు చాలా అవతల. అందులో ఒక మేక వెంట రెండు పిల్లలు. తుపాకి ఎత్తలేదు. దగ్గరగా వచ్చినా గుంపు మీద కాల్చేవాణ్ణి కాదన్నాడు, గుళ్లు చెదిరి వెనకదానికి తగులుతాయి. పిల్లతల్లిని చంపితే పిల్లల్నీ వెతికి చంపాలి, లేకపోతే ఆకలికి చస్తాయి. ఆ ఏడూ నింపాదిగా పైకెక్కిపోయాయి. నాకు ఊపిరి ఆడింది.

చీకటి పడబోతుండగా నల్లటి పోతు ఒకటి, వెడల్పాటి కొమ్ములతో, పైన్ చెట్టుకు ఇవతలగా వచ్చి నిలబడింది. పక్కవాటం. వెనక మట్టిగట్టు. ఒక్క మోత. మూడడుగులు వేసి కూలిపోయింది. రెండో గొట్టం కాల్చే పని పడలేదు. కొంచెంసేపు ఆగి, మా మేనకోడలు పుల్లతో దాని కంటిని తాకి చూసింది. రెప్ప కదల్లేదు.

టార్చి వెలుగులో కోసి చూశాం. పదిహేడు గుళ్లలో ఒంట్లో దిగినవి పదమూడు. తొమ్మిది ఊపిరితిత్తుల్లోంచి పోయాయి, ఒకటి గుండెలో, రెండు అవతలి వైపు తోలు కింద దొరికాయి. ఒక్కటి పేగుల్లో. ఆసామి అన్నింటికన్నా ఎక్కువసేపు చూసింది ఆ ఒక్కదాన్నే. "ఇది ఇక్కడికి రాకూడదు" అన్నాడు. తర్వాతిసారి పదిహేను మీటర్లకు గుర్తు పెట్టుకుంటానన్నాడు.

దెబ్బ తగిలిన మాంసమంతా చేతి వెడల్పున కోసి తీసేయించింది మా మేనకోడలు. గుండు వెళ్లిన దారి పొడవునా కంటికి కనిపించని సీసపు రేణువులుంటాయి. ఆ ముక్కల్నీ పేగుల్నీ గుంట తీసి పాతాం. వదిలేస్తే గద్దలు, ముఖ్యంగా అక్కడి పెద్ద వెడ్జ్-టెయిల్డ్ గద్దలు, తిని సీసం ఎక్కించుకుంటాయి. సీసం లేని తూటాలున్నాయి. ఉక్కు గుళ్లకు సీసంలో మూడింట రెండు వంతుల సాంద్రతే ఉంటుంది కాబట్టి అదే దెబ్బకు సైజు పెంచాలి, దూరం ఇంకా తగ్గించాలి. బిస్మత్ సీసానికి దగ్గరగా వస్తుంది, ఖరీదెక్కువ. ఉన్న పెట్టెలు అయిపోయాక బిస్మత్‌కు మారతానని ఆసామి అన్నాడు. మారాలని నేనూ గట్టిగా కోరుకుంటున్నాను.

అడిలైడ్‌లో, సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ మన పిల్లలు లైసెన్సు తీసుకుని మిత్రులతో వేటకు పోవాలనుకుంటే, ఒక్క మాట వినండి. తుపాకి కొన్న వారమే లోయలకు పోవద్దు. ముందు నాలుగు రకాల తూటాలు, ఒక కట్ట అట్టలు కొనండి. మేక బొమ్మ గీసి, 10 మీటర్ల నుంచి మొదలుపెట్టి, వలయంలో పడ్డ రంధ్రాలు మీ చేత్తో లెక్కపెట్టండి. పొట్టలో, కాళ్ల మీద పడ్డవి కూడా లెక్కపెట్టండి.

ఆ రోజు ఆసామి కాల్చిన తూటాలు పదమూడు. పన్నెండు అట్టల మీద, ఒకటి పోతు మీద.