పికప్ పెరిగిందని ఎవరు చెప్పారు?

కొత్త కారు కొన్నవాళ్లు దాన్ని గుడి ముందు నిలబెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించడం మనం చూస్తూనే ఉంటాం. నిమ్మకాయకూ ప్రమాదానికీ సంబంధం ఏమిటని అడిగితే మనల్నే వింతగా చూస్తారు. అయితే ఆ నిమ్మకాయలను చూసి నవ్వే కుర్రాళ్లలో కొందరు తమ బండికి ఖరీదైన ఎయిర్ ఫిల్టరూ, లావుపాటి సైలెన్సరూ తగిలించి "బండి ఎగిరిపోతోంది" అంటారు. ఎగిరిపోతోందని ఎలా తెలిసింది? ఈ ప్రశ్న వాళ్లనీ అడగాలి కదా!

మా ఇంట్లోనే ఆ అవసరం వచ్చింది. మా మేనల్లుడు 1998 మోడల్ మారుతి 800 ఒకటి నలభై వేలకి కొన్నాడు. ఉద్యోగంలో చేరాక దాచుకున్న మరో అరవై వేలు పెట్టి దాని పికప్ పెంచాలని వాడి కోరిక. విజయవాడ ఆటోనగర్లో ఒక షెడ్డువాళ్లు ఫిల్టరు, సైలెన్సరు, కార్బురేటర్ జెట్లు, ఇంకా ఓపిక ఉంటే పెద్ద ఇంజను, ఇలా వరసగా లిస్టు రాసిచ్చారు. "మామయ్యా, నువ్వు లెక్కలు వేస్తావుగా, చెప్పు" అన్నాడు. వాడు రోజూ గన్నవరం వైపు హైవే మీద వెళతాడు. వారంలో రెండు రోజులు పక్క సీట్లో మా అక్క ఉంటుంది. అందుకని ఇది నాకు సరదా విషయం కాదు.

ముందుగా బండి సంగతి. మారుతి 800 మన రోడ్ల మీదకి 1983 డిసెంబరులో వచ్చింది, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. 796 సీసీ, మూడు సిలిండర్లు. కార్బురేటర్ మోడల్ కొత్తగా ఉన్నప్పుడే దాని శక్తి 40 హార్స్‌పవర్ లోపు. బరువు సుమారు 650 కిలోలు. తేలికైన బండి కాబట్టే ఆ చిన్న ఇంజనుతో హుషారుగా పరిగెత్తేది. పాతికేళ్లు దాటాక మనం పోల్చాల్సింది కొత్త 800తో. ఇప్పుడు అందులో ఎంత శక్తి మిగిలిందో కొలవకుండా పెంచుతామనడం, జ్వరం చూడకుండా మందివ్వడం లాంటిది.

ఇక లెక్క. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చుకుని వెళ్లడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. అంటే ఇంజను శక్తిని ఏకంగా 25 శాతం పెంచగలిగినా గరిష్ఠ వేగం పెరిగేది 8 శాతం లోపే. బ్రేకుల సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. బండిలోని గతిశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 60 నుంచి 80కి వెళితే వేగం మూడో వంతు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, బ్రేకులు మింగాల్సిన శక్తి దాదాపు 78 శాతం పెరుగుతుంది. ఆ పని చెయ్యాల్సింది 12 అంగుళాల చక్రాలు, వెనక డ్రమ్ బ్రేకులు. ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగులు లేవు.

వాడికి లెక్కలు నచ్చలేదు. "స్నేహితుడి బండికి ఫిల్టరు మారిస్తే తేడా నాకే తెలిసింది" అన్నాడు. అయితే పరీక్షిద్దాం అన్నాను. ఆ ఫిల్టరు అడిగి తెచ్చుకున్నాం. ఒక ఆదివారం తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ఆరు పరుగులు. ప్రతిసారీ నాణెం ఎగరేసి, వాడికి కనపడకుండా పాతదో కొత్తదో నేను బిగించాను. వాడు నడిపి, ఏది ఉందో చెప్పాలి. పక్క సీట్లో కూర్చుని సున్నా నుంచి 60 దాకా స్టాప్‌వాచ్‌తో లెక్కపెట్టాను. ఆరింటిలో వాడు సరిగ్గా చెప్పినవి మూడు. నాణేన్ని అడిగినా దాదాపు అన్నే చెబుతుంది. ఒకే ఫిల్టరుతో చేసిన పరుగుల మధ్యనే ఒక సెకను దాకా తేడా వచ్చింది. రెండు ఫిల్టర్ల సగటుల మధ్య తేడా అంతకన్నా తక్కువ. ఆరు పరుగులతో ఫిల్టరు ఏ ప్రభావమూ చూపదని రుజువు కాదు. కానీ నడిపేవాడికీ, గడియారానికీ కనపడని పికప్ కోసం వేలు ఎందుకు పొయ్యాలి?

సైలెన్సరు విషయంలో మోసం ఇంకా సులువు. చప్పుడు పెరిగితే వేగం పెరిగినట్టు చెవి మనసుకి చెబుతుంది. చప్పుడు శక్తి కాదు. పెట్రోలు పైపుకి అయస్కాంతం కట్టుకుంటే మైలేజీ వస్తుందనే ప్రచారమూ ఇలాంటిదే. అమెరికా పర్యావరణ సంస్థ ఇలాంటి ఆదా పరికరాలను వందకు పైగా పరిశీలించింది. చెప్పుకోదగ్గ ప్రయోజనం ఉన్నది దొరకలేదు.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో యజమానికి ఆరు నెలల దాకా జైలు గానీ, ఒక్కో మార్పుకి ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ప్రమాదం జరిగితే చెప్పకుండా చేసిన మార్పు బీమా కంపెనీకి మంచి సాకు.

ఒక్క వాదన మాత్రం నేను కొట్టిపారెయ్యను. ఇంజను విప్పి, నేర్చుకుని, చేతులకి గ్రీజు పూసుకోవడంలో ఆనందం ఉంది. ఆ ఆనందానికే డబ్బు పెడతానంటే అది నిజాయితీ గల కారణం. అప్పుడు దాన్ని సరదా ఖర్చు అని పిలవాలి. పెట్టుబడి అనీ, భద్రత అనీ, మైలేజీ అనీ పేర్లు పెట్టకూడదు.

చివరికి వాడు తేల్చుకున్నది ఇదీ: ముందు ఇంజను కంప్రెషన్ కొలిపించడం, నాలుగు కొత్త టైర్లు, బ్రేక్ షూలు, ప్యాడ్లు, బ్రేక్ ఆయిలు, కొత్త సీటు బెల్టులు. ఇప్పుడు బంకుల్లో దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఈ బండి తయారైనప్పుడు అది ఎవరి ఊహలోనూ లేదు కాబట్టి పాత రబ్బరు పైపులు కూడా మార్పించాడు. అంతా కలిపి అరవై వేలలో సగం కూడా కాలేదు. మిగిలింది బ్యాంకులో ఉంది.

బండి పికప్ ఏమీ పెరగలేదు. ఆగడం మాత్రం మెరుగైంది. నమ్మకపోతే టేపు పట్టుకుని రండి, కొలిచి చూసుకోవచ్చు.