తాండూరు కందికి చుట్టాలెవరు?

కందిపప్పు డబ్బా లేని తెలుగింటి వంటగది ఉంటుందా చెప్పండి? కానీ ఆ పప్పు పుట్టిల్లెక్కడో, అక్కచెల్లెళ్లెవరో ఎప్పుడైనా ఆరా తీశారా? తీయాలనుంటే ఓసారి తాండూరు వెళ్లి రండి.

సికింద్రాబాదులో వాడి వైపు వెళ్లే రైలెక్కితే వికారాబాదు దాటాక వస్తుందీ ఊరు. అరుగుల మీదా, మెట్ల మీదా ఎక్కడ చూసినా నాపరాళ్లే. కర్ణాటక సరిహద్దు పక్కనే కాబట్టి బజారులో తెలుగు, కన్నడం, ఉర్దూ కలిసే వినిపిస్తాయి. నేల అడుగున సున్నపురాయి, పైన లోతైన నల్లరేగడి. అందులో అట్టాపుల్గైట్ అనే ఒక రకం బంకమన్ను ఉంటుంది. తాండూరు పప్పు త్వరగా ఉడకడానికీ, ఆ రుచికీ ఈ మట్టే కారణమంటారు. యాలాల రైతుల కంపెనీ దరఖాస్తు చేస్తే 2022 డిసెంబరులో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకెక్కడి పప్పునో సంచిలో పోసి తాండూరు పేరు రాసి అమ్మకూడదన్నమాట.

ఇక చుట్టరికాల సంగతి. మినుములు, పెసలు, అలసందలు, చిక్కుడు, ఉలవలు కందికి దగ్గర బంధువులే. శనగలు, మసూరు మాత్రం కాస్త దూరం. అసలు తల్లి వరసయ్యేది బస్తరు, ఒరిస్సా కొండల్లో పెరిగే ఒక అడవికంది. శాస్త్రజ్ఞులు దాన్ని కజానస్ కజానిఫోలియస్ అంటారు. గింజ మూతి దగ్గర చిన్న కండ తప్పిస్తే మొక్క అచ్చం కందే!

అడవిలో ఉండే ఆ చుట్టంతో మనకేం పని అనుకోకండి. తరతరాలుగా మనకు నచ్చిన గింజలే దాచుకుని విత్తుకోవడంతో పొలం కందిలో వైవిధ్యం తగ్గిపోయింది. ఎండు తెగులు వస్తే నిలువునా ఎండుతుంది. వెర్రి తెగులైతే మరీ మోసం. మొక్క పచ్చగా ఏపుగా ఉంటుంది, పూత మాత్రం రాదు. ఏడాది కష్టం పోయినట్టే కదా! పటాన్‌చెరులో 1972లో పెట్టిన ఇక్రిశాట్ ఈ రెండింటినీ తట్టుకునే 'ఆశ' రకాన్ని తయారుచేసింది. 2011లో ఆ ఆశ జన్యుపటాన్నే చాలావరకు చదివారు. అడవికంది సాయంతో హైబ్రిడ్లు కూడా పుట్టించారు. మన్నెంకొండ కంది అలాంటిదే.

ఇంకో చిక్కుంది. కందిపూల మీద తేనెటీగలు వాలి పక్క చేని పుప్పొడి మోసుకొస్తాయి. అందుకే విత్తనం స్వచ్ఛంగా నిలుపుకోవడం రైతుకు పెద్ద పరీక్ష.

అన్నట్టు, మన కంది సముద్రాలు కూడా దాటింది. ఆఫ్రికా మీదుగా, బానిసలుగా అమ్ముడైన మనుషులతోపాటు కరీబియన్ దీవులు చేరింది. బార్బడోస్‌లో పావురాలకు మేతగా వేసేవారట, ఇంగ్లీషులో 'పిజియన్ పీ' అయింది. పోర్టోరికో వాళ్లు పండక్కి 'గండూలె' వేసి అన్నం వండుకుంటారు. వింటే మన కందులే అనిపిస్తుంది గానీ, ఆ మాట కాంగో భాషలోని 'వాండు' నుంచి వచ్చిందని పండితులంటారు. వాళ్లు ఎక్కువగా పచ్చిగింజలే వాడతారు. మనమూ కాయల కాలంలో ఉప్పేసి ఉడకబెట్టుకుని తింటాం కదా, అవే!