దర్జాగా రాజధానికి

మా వైపు ఎవరైనా హైదరాబాద్ వెళ్తున్నామంటే పక్కింటివాళ్ళు అడిగే మొదటి మాట "ఎవరికి బాగాలేదు?" అని. రెండోది "పరీక్ష ఉందా?" అని. మూడోది "ధర్నానా, మీటింగా?" అని. ఊరికే చూసి రావడానికి అని చెబితే ఎవరూ నమ్మరు. ఈసారి మేం నలుగురం ఊరికే వెళ్తున్నాం. మంచి బట్టలు వేసుకుని, మంచి గదిలో దిగి, మూడు రోజులు తిరిగి, నచ్చింది తిని రావడానికి వెళ్తున్నాం.

నలుగురమంటే ఆశ్రమ పాఠశాలలో పాఠాలు చెప్పే నేను, ఏఎన్‌ఎంగా పనిచేసే మా వదిన, కుట్టు మిషను మీద బతికే మా చిన్నమ్మ కూతురు, డిగ్రీ చదివే మా మేనకోడలు. నెలకు తలా 500 చొప్పున ఏడాది పాటు దాచాం. మొత్తం 24,000 అయ్యాయి. "ఆ డబ్బుతో ఇంటి మీద రేకులు మార్పించొచ్చు కదే" అంది అమ్మ. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ ఇంటికి ఎప్పుడూ ఏదో ఒకటి కావాల్సే ఉంటుంది. అవన్నీ తీరాకే సంతోషం అనుకుంటే మన తరం కూడా అలాగే గడిచిపోతుంది.

మావాళ్ళు హైదరాబాద్ చూడలేదని కాదు. ఆసుపత్రి వరండాలో పడుకున్నవాళ్ళున్నారు. అపార్ట్‌మెంట్లకు ఇటుకలు మోసినవాళ్ళున్నారు. కొమ్ములు తలకు కట్టుకుని, డోలు భుజాన వేసుకుని, ఎవరో పెద్దమనిషికి స్వాగతం పలకడానికి వెళ్ళినవాళ్ళున్నారు. పొద్దున బస్సెక్కిస్తారు, ఆడిస్తారు, పులిహోర పొట్లం చేతిలో పెట్టి రాత్రికి మళ్ళీ బస్సెక్కిస్తారు. మా బాబాయి అలా నాలుగుసార్లు వెళ్ళొచ్చాడు. చార్మినార్ మాత్రం చూడలేదు.

అటునుంచి ఇటు వచ్చేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళకు ముందే ఒక లెక్క ఉంటుంది. పొద్దున రాములవారి దర్శనం, తర్వాత పోచవరం రేవులో లాంచీ, పాపికొండలు, రాత్రికి గోదారి ఒడ్డున వెదురు గుడిసె. దారిలో మన ఊళ్ళో కారు ఆపి, వాకిట్లో కూర్చున్న ముసలమ్మను ఫొటో తీసుకుంటారు. అది తప్పని అనను. కొత్త చోటు చూడాలనే కోరిక ఏ మనిషికైనా ఉంటుంది. ఆ కోరిక మనకూ ఉందని గుర్తుచేస్తున్నాను, అంతే. మనం ఎప్పుడూ చూడబడేవాళ్ళమే కాదు, చూసేవాళ్ళం కూడా.

రాజధాని అనే మాటకు మా వైపు ఒక చిత్రమైన చరిత్ర ఉంది. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. కాబట్టి మా తాతలకు రాజధాని మొదట మద్రాసు, 1953లో కర్నూలు, 1956లో హైదరాబాద్ అయింది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయి, దాన్ని ఆనుకునే ఉన్న ఏటపాక, ఆ పైన కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్ళాయి. హైదరాబాద్ 2024 జూన్ 2 దాకా ఉమ్మడి రాజధానిగా ఉంది, ఆ తర్వాత వాళ్ళకు అదీ లేదు. ఉన్నచోటు కదలకుండానే ఇన్ని రాజధానులు చూశాం. ఏ రాజధానైనా మనకు తెలిసింది కాగితాల మీదే.

ఈ సరిహద్దు మా ప్రయాణంలోకీ వచ్చింది. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణ ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు. మా ముగ్గురికీ అది వర్తిస్తుంది. చిన్నమ్మ కూతురి అత్తగారిల్లు ఏటపాక. ఆమె ఆధార్ ఆంధ్రాది, ఆమెకు టికెట్ కొనాలి. ఒకే సీట్లో కూర్చున్న అక్కచెల్లెళ్ళకు రెండు లెక్కలెందుకని రైలు ఎంచుకున్నాం. భద్రాచలం రోడ్డు స్టేషన్ కొత్తగూడెంలో ఉంది, భద్రాచలం నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. మణుగూరు నుంచి వచ్చే రాత్రి రైలు అక్కడ ఎక్కితే తెల్లవారేసరికి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. హోటళ్ళు చాలావరకు మధ్యాహ్నానికి గాని గది ఇవ్వవు. పొద్దున్నే ఇస్తారా అని ముందే ఫోన్ చేసి అడగాలి. మేనకోడలు అడిగింది, ఇస్తామన్నారు.

రోజులు కుదర్చడంలోనే అసలు తెలివి ఉంది. సాలార్‌జంగ్ మ్యూజియం, చౌమహల్లా ప్యాలెస్ శుక్రవారం మూసేస్తారు. అందుకని బుధవారం రాత్రి బయల్దేరి, గురు, శుక్ర, శనివారాలు ఉండి వస్తాం.

గురువారం మాసాబ్‌ట్యాంక్‌లో గిరిజన మ్యూజియం. ప్రభుత్వ కార్యాలయాల మధ్య ఉంది కాబట్టి పనిదినాన వెళ్ళడం మేలు. మనవాళ్ళ ఇళ్ళూ పనిముట్లూ నగలూ అక్కడ అద్దాల వెనక ఉంటాయి. మా ఇంట్లో ఇంకా వాడుతున్న వస్తువును అద్దం వెనక చూస్తే ఏమనిపిస్తుందో మేనకోడలు తన నోట్సులో రాసుకోవాలని చెప్పాను. గర్వమో కోపమో ఏదైనా సరే, అది తన మాట కావాలి. సాయంత్రం ట్యాంక్‌బండ్ మీద కొమురం భీం విగ్రహం దగ్గర నలుగురం ఫొటో దిగాలి.

శుక్రవారం గోల్కొండ. అది మనకు పరాయి కోట కాదు. పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న వసూలు చేసిన పన్నుతో భద్రాచలం గుడి కట్టించాడు. తానీషా ఆయన్ను బంధించాడని చెప్పే చీకటి గది ఆ కోటలోనే ఉంది. స్థల కథ ప్రకారం భద్రగిరి మీద రాముణ్ణి ముందు కనుగొన్నది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ. రామదాసు గదిని అందరూ చూస్తారు. మేం అక్కడ నిలబడి దమ్మక్కను కూడా తలుచుకుంటాం. ఆ పన్ను కట్టినవాళ్ళలో మనవాళ్ళెందరో అనుకుంటాం.

శనివారం మెట్రోలో ఎంజీబీఎస్ దగ్గర దిగి, సాలార్‌జంగ్‌లో గంట కొట్టే బొమ్మ గడియారం, ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ చూడాలి. తర్వాత చౌమహల్లా, 1591లో కట్టిన చార్మినార్, ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్. ఒక పూట మాత్రం మెనూ కార్డు ఇచ్చే పెద్ద హోటల్లోనే భోజనం. కార్డులో ధర ముందు చూసుకుని, తెలియని పేరు ఉంటే అదేమిటని వెయిటర్‌ను అడగాలి. అడగడం చిన్నతనం కాదు.

బట్టల సంగతి మిషను చూసుకునే చెల్లి తీసుకుంది. నలుగురికీ రెండేసి జతలు, మాకు నచ్చిన రంగుల్లో కుడుతోంది. పూసల దండలు కూడా వేసుకుంటాం. ఎవరో వేసుకోమంటే వేసుకున్నది వేషమవుతుంది. మాకు బాగుందని వేసుకుంటే అది మా దర్జా.

ఇంకొక నియమం పెట్టుకున్నాం. మెట్రోలో, హోటల్లో, బజార్లో మేం కోయలోనే మాట్లాడుకుంటాం, గొంతు తగ్గించకుండా. హైదరాబాద్‌లో ఉర్దూ, తెలుగు, హిందీ, మరాఠీ, కన్నడ, తమిళం అన్నీ వినిపిస్తాయి. అవి మాట్లాడేవాళ్ళెవరూ చుట్టూ చూసి గుసగుసలాడరు. అన్ని భాషలు పట్టిన ఊళ్ళో మన భాషకు చోటు చాలకపోదు.

టీచర్లకు ఒక మనవి. పిల్లలను విహారయాత్రకు తీసుకెళ్ళేటప్పుడు ప్లాను మనమే వేసి వాళ్ళను వరసలో నడిపిస్తాం. ఈసారి రైలు టైములు, సెలవు రోజులు, ఖర్చు లెక్క, చూడాల్సిన చోట్లు తొమ్మిదో తరగతి పిల్లలతోనే రాయించండి. లెక్కలు, చరిత్ర, భూగోళం అందులోనే వచ్చేస్తాయి. రేపు వాళ్ళలో ఒకరు చదువుకో ఉద్యోగానికో ఆ స్టేషన్‌లో ఒంటరిగా దిగినప్పుడు ఎటు వెళ్ళాలో తెలిసి ఉంటుంది. దారి చూపిస్తానంటూ వచ్చే దళారీ మాట వినాల్సిన అవసరం ఉండదు.

మా లెక్కల కాగితం బడి నోటీసు బోర్డు మీద అంటించాను. కావలసినవాళ్ళు రాసుకోవచ్చు.